జీడితోటలో 20 అడుగుల రోడ్డు తీసి బిట్లుగా అమ్మేయొచ్చా?

ప్రశ్న: ఆనందపురం మండలంలో నాన్నగారి పేరు మీద ఎకరా 40 సెంట్ల జీడితోట ఉంది. ఆయన పోయాక నాకూ, ఇద్దరు తమ్ముళ్లకూ వచ్చింది. ముందువైపు పంచాయతీ రోడ్డు, 180 అడుగుల ముఖం. వెనక గెడ్డ (వాన నీళ్లు పారే వాగు). ఒక బ్రోకరు వచ్చి, మధ్యలో 20 అడుగుల రోడ్డు తీసి బిట్లు చేసి గజం 9 వేలకు అమ్మిపెడతాను, ముగ్గురూ నాకు జీపీఏ (మీ తరఫున అమ్మే అధికార పత్రం) రాసివ్వండి అంటున్నాడు. వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అప్రూవల్‌కి వెళితే రోడ్లకూ పార్కుకూ సగం భూమి పోతుందట, అదీ ఉచితంగా రాసివ్వాలట. పక్కనే అప్రూవల్ ఉన్న లేఅవుట్‌లో గజం 14 వేలు చెబుతున్నారు. పెద్ద తమ్ముడికి కూతురి పెళ్లి ఉంది, డబ్బు తొందరగా కావాలి. చిన్న తమ్ముడు గెడ్డలో తూములు వేసి పూడ్చేస్తే ఇంకో రెండు ప్లాట్లు వస్తాయంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ, నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నిజంగా అంత భూమి వదలాలా? — ఒక సోదరి, మధురవాడ

జవాబు:

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. వదలాలి. కానీ సగం కాదు, మీ బ్రోకరు ఆ లెక్క వేయకుండానే మిమ్మల్ని భయపెట్టాడు. కింద మనమే వేసి చూద్దాం. దానికన్నా ముందు ఒక విషయం. జీపీఏ కాగితం మీద ముగ్గురిలో ఎవరూ సంతకం పెట్టకండి. జీపీఏ పుచ్చుకున్నవాడు మీ తరఫున చేసే ప్రతి అమ్మకానికీ, కొనేవాళ్లకు చెప్పే ప్రతి మాటకీ చివరికి బాధ్యులు మీరే. రేపు 20 మంది కొన్నాక ఎవరికైనా ఇంటి ప్లాన్ రాకపోతే, వాళ్లు బ్రోకరును వెతుక్కుంటూ వెళ్లరు, దస్తావేజులో ఎవరి పేరుంటే వాళ్ల గుమ్మం ముందుకు వస్తారు.

ఇంకో ప్రశ్న నేనే అడగాలి, మీ ఉత్తరంలో దాని జవాబు లేదు. ఆ తోట జిరాయితీదా (సొంత హక్కున్న భూమా), డి-పట్టాదా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమా)? జీడితోట అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మన విశాఖ మెట్ట ప్రాంతాల్లో, కొండ అంచుల్లో జీడితోటలున్న భూముల్లో కొన్ని ఒకప్పుడు ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు. 1977 చట్టం ప్రకారం వాటిని అమ్మడానికి వీల్లేదు. 20 ఏళ్లు దాటినవాటికి పూర్తి హక్కులు ఇస్తూ 2023లో సవరణ వచ్చిన మాట నిజమే, కానీ 2024లో ప్రభుత్వం ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లను ఆపింది. కాబట్టి 1బీ, అడంగల్ అనే రెవెన్యూ రికార్డుల నకళ్లు తీయించండి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 22ఏ నిషేధిత జాబితాలో మీ సర్వే నంబరు ఉందో లేదో చూసుకోండి. ఆనందపురం, భీమిలి, మధురవాడ చుట్టుపక్కల భూముల రికార్డుల్లో తేడాల మీద 2017లో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని (సిట్) వేసి విచారణ జరిపిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మన పాస్‌బుక్ మన చేతిలోనే ఉందిలే అని ధైర్యంగా కూర్చునే రోజులు కావివి. ఇది డి-పట్టా అయితే ఈ ఉత్తరంలో మిగతాదంతా చదవడం అనవసరం, నేరుగా మంచి రెవెన్యూ లాయరును కలవండి. జిరాయితీ అనుకునే మిగతాది రాస్తున్నాను.

మీ ముగ్గురూ భూమి పంచుకోవడం వేరు, ఇళ్ల స్థలాలుగా కోసి అమ్మడం వేరు. ఈ రెండూ మీ ఇంట్లో కలిసిపోయి మాట్లాడుకుంటున్నారనిపించింది. తోబుట్టువులు పంపకాల దస్తావేజు రాసుకుని, సర్వేయరు చేత సబ్ డివిజన్ చేయించుకుని, ఎవరి పాస్‌బుక్ వాళ్లు తీసుకుంటే దానికి లేఅవుట్ అనుమతి అక్కర్లేదు, అది సాగు భూమిగానే ఉంటుంది. (అలా పంచుకునే పక్షంలో వెనక వాటాకు దారి ఎక్కడినుంచి, ఎన్ని అడుగులు అన్నది దస్తావేజులో కొలతలతో రాయించుకోండి. అన్నదమ్ముల మధ్య దారి తగాదాలు కోర్టుకెక్కడం మామూలే.) అదే భూమిలో రోడ్డు తీసి, నంబర్లు వేసి, బయటివాళ్లకు ఇంటి స్థలాలుగా అమ్మడం మొదలుపెట్టిన క్షణం అది లేఅవుట్. దానికి 2017లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భూమి అభివృద్ధి నిబంధనలు, అంటే లేఅవుట్, సబ్ డివిజన్ రూల్స్ వర్తిస్తాయి. ఆనందపురం మండలం వీఎంఆర్‌డీఏ పరిధిలోది, మనవాళ్లు ఇప్పటికీ వుడా అనే పిలిచే ఆ సంస్థే అనుమతి ఇవ్వాలి. సర్పంచి గారో పంచాయతీ కార్యదర్శో ఒక కాగితం మీద ముద్ర వేసి ఇస్తే అది లేఅవుట్ అప్రూవల్ అవదు. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రానా అవదు. సబ్ రిజిస్ట్రారు మీ లావాదేవీని నమోదు చేస్తారంతే, ఆ స్థలంలో ఇల్లు కట్టుకోవచ్చని హామీ ఇవ్వరు. "రిజిస్ట్రేషన్ అయిపోతుందండీ, ఇంకేం కావాలి" అని అమాయకులకు ఎన్ని వేల బిట్లు అంటగట్టారో మన జిల్లాలో, తలుచుకుంటే కడుపు మండుతుంది.

ఇప్పుడు లెక్క. ఎకరా 40 సెంట్లంటే 6,776 గజాలు. ముఖం 180 అడుగులన్నారు కాబట్టి లోతు సుమారు 339 అడుగులు వస్తుంది, దాదాపు దీర్ఘచతురస్రం అనుకుందాం. బ్రోకరు చెప్పినట్టు నిలువునా 20 అడుగుల రోడ్డు తీస్తే దానికి 753 గజాలు పోయి 6,023 గజాలు అమ్మకానికి మిగులుతాయి. గజం 9 వేల లెక్కన 5 కోట్ల 42 లక్షలు.

నిబంధనల ప్రకారం వెళితే? 2017 నిబంధనల్లో లేఅవుట్ లోపలి రోడ్డు కనీసం 12 మీటర్లు, అంటే మన 40 అడుగులు ఉండాలన్నారు. 2025 మొదట్లో సవరించి 9 మీటర్లకు, అంటే 30 అడుగులకు తగ్గించారు. కాబట్టి "40 అడుగులు వదలాలి" అని మీకెవరైనా చెబితే అది పాత కబురు. మాస్టర్ ప్లాన్ రోడ్డేదైనా మీ భూమి మీదుగా వెళితే మాత్రం దాని వెడల్పు దానిదే. ముందున్న పంచాయతీ రోడ్డు విస్తరణకు మీ వైపునుంచి ఒక 10 అడుగులు వదలాల్సి వచ్చిందనుకుంటే 200 గజాలు. వెనక గెడ్డ హద్దు నుంచి 9 మీటర్లు వదిలితే 600 గజాలు. మధ్యలో 30 అడుగుల రోడ్డుకు దాదాపు వెయ్యి గజాలు. మొత్తం విస్తీర్ణంలో పదో వంతు ఖాళీ స్థలం, అంటే పార్కుకు 678 గజాలు. ఇవన్నీ పోగా మీకు 4,300 గజాలు మిగులుతాయి. అంటే నూటికి 63 వంతులు. పక్క లేఅవుట్ ధర 14 వేలు మీకూ వస్తుందనుకుంటే 6 కోట్ల 2 లక్షలు. సామాజిక అవసరాలకూ, ట్రాన్స్‌ఫార్మరు, ట్యాంకు లాంటివాటికీ ఇంకొంచెం అడగొచ్చు, అది మీ ప్లాన్ వేసే సర్వేయరు చెబుతాడు. గెడ్డ పక్కన వదిలే పట్టీని పార్కు లెక్కలోకి తీసుకునే వీలుందేమో వీఎంఆర్‌డీఏ టౌన్ ప్లానింగ్ విభాగంలో తప్పక అడగండి, ఒప్పుకుంటే మీకు ఇంకో 600 గజాల దాకా కలిసొస్తుంది.

ఆ పైన కనిపించే 60 లక్షలు మీ జేబులోకి వస్తాయని నేను చెప్పడం లేదు. ఫీజులున్నాయి, రోడ్డు వేయాలి, డ్రెయిన్లు కట్టాలి, కరెంటు స్తంభాలకూ ట్రాన్స్‌ఫార్మరుకూ ఈపీడీసీఎల్‌కు డబ్బు కట్టాలి, నీళ్ల ఏర్పాటు చూడాలి. అవన్నీ పోతే రెండు దారుల్లోనూ చేతికొచ్చే డబ్బు ఇంచుమించు ఒకటే కావచ్చు. తేడా సమయంలో ఉంది, అది నిజం, నెలలు పడుతుంది. ఇంకో తేడా ఏమిటంటే మొదటి దారిలో అమ్మేశాక కూడా మీకు ఆ భూమి తలనొప్పి తీరదు. అనుమతి లేని లేఅవుట్ అని ఎవరైనా ఫిర్యాదు చేస్తే అధికారులు జేసీబీతో వచ్చి హద్దు రాళ్లు పీకేసి రోడ్డు తవ్వేసి పోతారు, ఇలాంటి వార్తలు మన పేపర్ల జిల్లా పేజీల్లో మీరు చూస్తూనే ఉంటారు. బ్యాంకులు ఆ ప్లాట్ల మీద ఇంటి లోను ఇవ్వడానికి ముందుకు రావు. కాబట్టి ఉన్న డబ్బంతా నగదుగా పెట్టగలవాళ్లో, ఏమీ తెలియనివాళ్లో మాత్రమే కొంటారు, అందుకే ఆ 9 వేల ధర.

"క్రమబద్ధీకరణ పథకం వస్తుందిలెండి, అప్పుడు అందరూ కట్టేసుకుంటారు" అని కూడా మీ బ్రోకరు అనే ఉంటాడు. ఎల్ఆర్ఎస్ అనే ఆ పథకం 2008 ప్రాంతంలో వచ్చింది, 2020లో వచ్చింది, 2025లో మళ్లీ తెరిచారు, నిజమే. కానీ ప్రతిసారీ ఒక కటాఫ్ తేదీ ఉంటుంది, దాని తర్వాత రిజిస్టరైన ప్లాటుకు అది వర్తించదు. చెరువు గర్భంలో, గెడ్డ పోరంబోకులో, ప్రభుత్వ భూమిలో ఉన్నదాన్ని ఏ పథకమూ క్రమబద్ధం చేయదు. పైగా ఆ ఫీజు కట్టేది ఎవరు? మీ దగ్గర కొన్న ఒక ఆటో డ్రైవరో, గాజువాకలో ఫ్యాక్టరీ కార్మికుడో. వదలాల్సిన పార్కు మీరు వదలకుండా అమ్ముకుంటే, ఆ పార్కు తాలూకు డబ్బు అతను ఓపెన్ స్పేస్ ఛార్జీల పేరుతో కడతాడు. కట్టినా అతని పిల్లలకు పార్కు రాదు. ఇల్లు కట్టుకునేటప్పుడు రోడ్డు 9 మీటర్లు లేదు కాబట్టి, రోడ్డు మధ్య నుంచి కొలిచి అతని స్థలంలోంచే అటు ఐదడుగులు, ఇటు ఐదడుగులు వదలమంటారు. అంటే ఈ రోజు మీరు వదలని 10 అడుగుల రోడ్డునే రేపు కొన్నవాళ్లు, గజానికి 9 వేలు పోసి కొన్న నేలలోంచి వదులుకుంటారు. నాకు ఈ వ్యవహారంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. నేల వదలడం ఎవరికీ తప్పదు, భూమి ఉన్నవాళ్లు వదలాల్సింది భూమి లేక కొనుక్కున్నవాళ్ల మీద పడుతుంది.

20 అడుగులు చాలదా, పాత ఊళ్లలో పదడుగుల సందుల్లో బతకడం లేదా అని మీ తమ్ముడు అడుగుతాడు. 20 అడుగుల రోడ్డు నిజానికి ఎంత వెడల్పో ఒకసారి టేపు పట్టి చూడమనండి. రెండు పక్కలా డ్రెయిన్‌కు రెండేసి అడుగులు పోతాయి, కరెంటు స్తంభానికి ఒక అడుగు. ఆపైన ప్రతి ఇంటివాళ్లూ కారు ఎక్కడానికి ర్యాంపు, లోపలికి వెళ్లడానికి మెట్టు ముందుకు జరుపుతారు. చివరికి 12, 13 అడుగులు మిగిలితే గొప్ప, అందులో ఎవరో ఒకరు కారు పెట్టి ఉంటారు. ఇక అంబులెన్స్ ఎలా వస్తుంది, అగ్నిమాపక వాహనం ఎలా తిరుగుతుంది, బోర్లు ఎండిన వేసవిలో నీళ్ల ట్యాంకరు లోపలికి ఎలా వెళుతుంది? 30 అడుగులుంటే 18 అడుగుల బాట వేసి, రెండు పక్కలా కాలువలు పోను, స్తంభాలకూ చెట్లకూ కూడా చోటు దొరుకుతుంది. ఎంవీపీ కాలనీ సెక్టార్లలో ఒకసారి తిరిగి రండి, ముగ్గురూ కలిసే వెళ్లండి. వుడా వేసిన ఆ రోడ్లూ, సెక్టారు సెక్టారుకీ వదిలిన పార్కులూ చూసి, ఆ రోజుల్లో ఇంత స్థలం వృథా చేశారేమిటి అని అక్కడున్నవాళ్లు ఎవరైనా అంటారేమో అడగండి.

మీ భూమికి ఇంకో సమస్య ఉంది. రోడ్డు ముందు మొదలై వెనక గెడ్డ దగ్గర ఆగిపోతుంది. అలా మూసుకుపోయే రోడ్డు చివర బండి తిరగడానికి చోటు తప్పనిసరిగా ఉంచాలి, లేకపోతే చెత్త బండి 300 అడుగులు వెనక్కి వెనక్కి రావాలి, నాలుగు రోజులు వచ్చి ఐదో రోజు మానేస్తుంది. నేనైతే పార్కును ఆ చివరే, గెడ్డ పట్టీని ఆనుకుని పెడతాను. రోడ్డు చివర బండి తిరిగే చోటు, దాని ఎదురుగా పార్కు, ఆ వెనక గెడ్డ గట్టు, చెట్లు. ఉన్న జీడిచెట్లలో నాలుగైదు అక్కడ ఉంచేస్తే నీడకు ఇంకో పదేళ్లు ఆగనక్కర్లేదు. కానీ మిగిలిపోయిన ముక్కను, రాళ్లగుట్టను, లేదా ఎవరూ వెళ్లలేని మూలను పార్కు అని చూపించే పని చేయకండి. రోడ్డు మీద నుంచి నేరుగా అడుగు పెట్టగలిగేలా ఉండాలి.

గెడ్డ విషయానికి వస్తే మీ చిన్న తమ్ముడికి ఈ పేరా చదివి వినిపించండి. తూములు వేసి గెడ్డను పూడ్చడం కుదరదు. చట్టం మాట తర్వాత, ముందు నీళ్ల మాట. మన వైపు గెడ్డలు ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి, చెత్త నిండి, మామూలు గొయ్యిలా కనబడతాయి. అక్టోబరులో తుపాను పట్టిందంటే కొండ మీద పడ్డ వాన అంతా గంటలో కిందికి వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీరు మధురవాడలోనే ఉండి ఉంటే ఆ రోజు వానా గాలీ ఎలా ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు. మూడడుగుల తూములో ఆ నీళ్లు పట్టవు, పైన ఆగి మీ ఎగువ రైతు పొలంలోకీ, మీరు అమ్మిన ప్లాట్లలోకీ తిరుగుతాయి. ఇక నిబంధన అంటారా, వాగుకో కాలువకో దాని హద్దు నుంచి 9 మీటర్లు, చిన్న నాలా అయితే 2 మీటర్లు వదలాలి. చెరువైతే నీళ్లు నిండుగా ఉన్నప్పటి గట్టు నుంచి లెక్క, 10 హెక్టార్లు అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9. మీ గెడ్డ వీటిలో దేని కిందికి వస్తుందో రెవెన్యూ, నీటిపారుదల శాఖల వాళ్లు తేలుస్తారు. నేను పైన లెక్కలో 9 మీటర్లు వేశాను, 2 అని తేలితే మీకు లాభమే. అయితే కొలిచేది ఇప్పుడు నీళ్లు పారుతున్న చోటు నుంచి కాదు, ఎఫ్ఎంబీ పటంలో, అంటే ప్రభుత్వ సర్వే కొలతల పటంలో గీసిన హద్దు నుంచి. ఎన్నో ఏళ్లుగా గట్టు తెగి గెడ్డ పక్కకు జరిగిన చోట్ల, పటం చూస్తే మన తోటలో కొంత భాగం అసలు మనదే కాదని తేలడం మామూలే. అందుకే ముందు సర్వే చేయించమని అంత గట్టిగా చెబుతున్నాను.

రోడ్లూ పార్కూ ఉచితంగా రాసివ్వడం గురించి మీకు బాధ ఉంది, అర్థమవుతుంది. నాన్నగారు చెమటోడ్చి కాపాడిన భూమి పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చేయాలంటే ఎవరికైనా మనసు ఒప్పదు. కానీ రోడ్డు మీ పేరు మీదే ఉంటే దానిమీద వీధి దీపం ఎవరు పెడతారు, గుంత పడితే ఎవరు పూడుస్తారు? అన్నిటినీ మించి, పార్కు మీ కుటుంబం పేరు మీద ఉంటే ఇరవై ఏళ్లకు మీ మనవళ్లలో ఒకరు దాన్నీ ప్లాటుగా అమ్మేస్తారు. ఇది ఊహ కాదు, పాత లేఅవుట్లలో పార్కు స్థలాల మీద నడిచే తగాదాలు ఎక్కువగా ఇలా పుట్టినవే. ప్రభుత్వ సంస్థ పేర రిజిస్టరైన గిఫ్ట్ డీడ్ ఉంటే ఆ దారి మూసుకుపోతుంది.

ప్లాట్లలో 15 శాతం వీఎంఆర్‌డీఏకు తనఖా పెట్టాలన్న నిబంధన కూడా వింటారు, కంగారు పడకండి. అది అప్పు కాదు, వడ్డీ లేదు. రోడ్లు, డ్రెయిన్లు, కరెంటు పని మీరు నిజంగా పూర్తిచేస్తారన్న హామీకి అంతే. పూర్తయ్యాక విడిపించి ఇస్తారు, అప్పటిదాకా ఆ ప్లాట్లు అమ్మడానికి లేదు. 4,300 గజాల్లో 15 శాతమంటే 645 గజాలు, 200 గజాల ప్లాట్లయితే మూడు, మహా అయితే నాలుగు. మీ ముగ్గురూ తలొక ప్లాటు ఉంచుకోవాలనుకుంటే తనఖాకు అవే చూపించండి. ఎలాగూ అమ్మేవి కావు కాబట్టి మీకు ఇబ్బంది తెలియదు. పని నాసిగా చేసి పారిపోయే అవసరమూ ఉండదు, మీ సొంత ప్లాట్లు అక్కడే ఉంటాయి కదా.

రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ సంగతి మీ బ్రోకరు ఎత్తలేదంటే ఆశ్చర్యం లేదు. 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన భూమిని ప్లాట్లు చేసి అమ్మితే ఏపీ రెరాలో రిజిస్టర్ చేసుకోవాలి. మీది 5,600 చదరపు మీటర్లకు పైనే. పెద్ద కంపెనీలకేగా ఇవన్నీ అనుకోకండి, సొంత భూమిని ప్లాట్లు చేసి అమ్మే మీ ముగ్గురూ చట్టం దృష్టిలో ప్రమోటర్లే. రెరా నంబరు రాకముందు బోర్డు కట్టడం, వాట్సాప్‌లో బ్రోషరు పంపడం, అడ్వాన్సు తీసుకోవడం ఏదీ చేయకూడదు. చేస్తే జరిమానా ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం దాకా ఉండొచ్చు. నంబరు వచ్చాక కూడా అమ్మకం ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి పుచ్చుకోకూడదు, వచ్చిన డబ్బులో 70 శాతం ఆ పనికే వేరే ఖాతాలో ఉంచాలి. మీకు ఇది భారంగా అనిపించొచ్చు, కానీ కొనేవాడు 14 వేలు ఎందుకు పెడుతున్నాడంటే ఈ భరోసాకే.

మీకు ఇదంతా తిరిగే ఓపిక లేకపోతే, మంచి పేరున్న డెవలపరుకు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద ఇచ్చి ప్లాట్లలో వాటా తీసుకోవచ్చు. అది రిజిస్టరు చేయించండి. ఎన్ని గజాలు, ఏ నంబరు ప్లాట్లు, ఎన్నాళ్లలో, ఆలస్యమైతే ఏమిస్తారు అన్నది రాయించండి. ఫీజులూ పనులూ ఎవరి ఖర్చో కూడా. ఎకరా 40 సెంట్లు చిన్నది కాబట్టి పెద్దవాళ్లు ముందుకు రాకపోవచ్చు, పక్క రైతు కూడా కలిస్తే మాత్రం కథ మారుతుంది. ఇద్దరి భూమి కలిపి వేస్తే రోడ్డు చివర మూసుకుపోకుండా తిప్పుకు రావచ్చు, పార్కు పెద్దది ఒక్కచోట వస్తుంది, తలకు పడే ఖర్చు తగ్గుతుంది. ఆ పక్కాయన్ని ఒకసారి కదిపి చూడండి. పెద్ద తమ్ముడి కన్నా ఆయన మనసే ముందు మారొచ్చు.

ఇక పెళ్లి. ఈ తొందరంతా అక్కడినుంచే వస్తోంది కాబట్టి దాన్ని భూమి నుంచి విడదీయండి. పెద్ద తమ్ముడికి ఇప్పుడు కావాల్సింది ఎంతో నోటితో చెప్పించండి, పెళ్లికి కావాల్సింది కోటిన్నర ఉండదు కదా. మీరూ చిన్న తమ్ముడూ కలిసి అంతమేర సర్దగలిగితే అతని వాటాలో ఆ మేరకు మీకు చెందేట్టు రాసుకోండి. లేదా ముందు పంపకాలు రిజిస్టర్ చేసుకుని, అతని వాటా పాస్‌బుక్ మీద బ్యాంకులో ఎంత అప్పు పుడుతుందో అడగండి. అదీ కుదరకపోతే అతని వాటాను సాగు భూమిగా మొత్తంగా ఒకరికే అమ్ముకోనివ్వండి. ధర తక్కువ వస్తుంది, కానీ 20 మందికి సమాధానం చెప్పుకునే పని ఉండదు. ఆ అమ్మే వాటా రోడ్డు వైపుదా గెడ్డ వైపుదా అన్నది మాత్రం లేఅవుట్ ఎలా వస్తుందో ఆలోచించాకే నిర్ణయించండి, ముందు ముక్క అమ్మేశాక వెనక రెండు వాటాలకు 30 అడుగుల దారి దొరకదు.

మొదట వెళ్లాల్సింది మండల సర్వేయరు దగ్గరికి. ఎఫ్ఎంబీ నకలు తీసుకుని, గెడ్డ హద్దుతో సహా కొలతలు వేయించి, నాలుగు మూలలా రాళ్లు పాతించండి. ఆ తర్వాత వీఎంఆర్‌డీఏలో ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. వ్యవసాయ జోన్ అయితే ముందు భూ వినియోగ మార్పిడికి దరఖాస్తు చేయాలి, దానికి పట్టే కాలం వేరు. భోగాపురం విమానాశ్రయం వైపు వేసే రోడ్ల గీతలేమైనా మీ తోట మీద ఉన్నాయేమో కూడా అక్కడే అడగండి. ఆ రెండు కాగితాలూ చేతికొచ్చాక లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్ చేత, బ్రోకరు తెచ్చినవాడు కాకుండా మీరు ఎంచుకున్నవాడి చేత, ఒక ముసాయిదా ప్లాన్ గీయించండి. నేను పైన వేసిన గజాల లెక్క పక్కన పెట్టుకుని అతని లెక్కతో పోల్చి, తేడా ఎక్కడ వచ్చిందో అడగండి.